మోగ్లీ తెలుసు, పుస్తకమే తెలియదు

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్ రామమందిరం దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడితే శ్రీకాకుళం యాస, విజయనగరం యాస, మధ్యమధ్య హిందీ కలగలిసి చెవిన పడతాయి. టాటా కర్మాగారంలో పనికని వచ్చి ఇక్కడే పాతుకుపోయిన తెలుగు కుటుంబాలవి. వాళ్ళలో నలభై దాటిన ఎవరినైనా మోగ్లీ ఎవరని అడగండి. జవాబు కంటే ముందు పాట వస్తుంది. 1993లో ఆదివారం పొద్దున్నే దూరదర్శన్‌లో వచ్చిన జపాన్ కార్టూన్ సీరియల్ పాట అది. గుల్జార్ రాశారు, విశాల్ భరద్వాజ్ బాణీ కట్టారు. పులి షేర్ ఖాన్‌కి గొంతునిచ్చింది నానా పటేకర్. ఇంత గుర్తున్నవాళ్ళను, మరి పుస్తకం చదివారా అని అడిగితే మాత్రం చాలామంది నవ్వి ఊరుకుంటారు.

వాళ్ళ తప్పేం లేదు. ప్రపంచమంతటా ఈ పుస్తకం కథ ఇంతే. చదివినవాళ్ళకంటే ప్రేమించినవాళ్ళు ఎక్కువ.

రడ్యార్డ్ కిప్లింగ్ ‘ది జంగిల్ బుక్’ 1894లో వచ్చింది, రెండో భాగం 1895లో. అందరూ నవల అనే అంటారు కానీ నిజానికి ఇవి కథల పుస్తకాలు. రెంటిలో కలిపి పదిహేను కథలుంటే మోగ్లీవి ఎనిమిదే. మిగతావాటిలో ఒక తెల్ల సీల్ ఉంది, ఏనుగుల నాట్యం చూసిన మావటి కొడుకు ఉన్నాడు, నాగుపాముల జంటతో యుద్ధం చేసిన ముంగిస ఉంది. ఆ ముంగిస కథ జరిగేది మన పక్క బీహార్‌లోని సుగౌలీ కంటోన్మెంట్ బంగళాలో. మోగ్లీ కథలన్నీ ఒక్కచోట చేర్చిన పుస్తకం 1933 దాకా రాలేదు. అప్పటికే పాఠకులు వాటిని మనసులో కుట్టుకుని నవల చేసేసుకున్నారు.

చదవకుండా ప్రేమించడంలో అందరికీ పెద్దన్న వాల్ట్ డిస్నీయే. 1967 నాటి కార్టూన్ సినిమా పని మొదలైనప్పుడు ఆయన రచయిత లారీ క్లెమన్స్ చేతికి కిప్లింగ్ పుస్తకం ఇచ్చి, ముందు చేయాల్సిన పని దీన్ని చదవకపోవడం అన్నారట. క్లెమన్స్ ఆ మాట పాటించినట్టే ఉన్నాడు. సినిమాలో కళ్ళు తిప్పుతూ పిల్లాణ్ణి మింగబోయే కొండచిలువ కా, పుస్తకంలో మోగ్లీకి ప్రాణదాత. సినిమాలో కోతుల రాజుగా గెంతులేసే ఒరాంగుటాన్ పుస్తకంలో లేనే లేదు, ఉండే వీలూ లేదు. ఒరాంగుటాన్లు బోర్నియో, సుమత్రా అడవుల జంతువులు. కిప్లింగ్ కోతులకు అసలు రాజే ఉండడు. వాటి మీద ఆయన ఫిర్యాదే అది.

సినిమా చూసి పుస్తకం దగ్గరికి వచ్చినవాళ్ళకు మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. బలూ పాటలు పాడే సోమరి ఎలుగుబంటి కాదు, బెత్తం పట్టిన పంతులు. తోడేలు పిల్లలకూ మోగ్లీకీ అడవి ధర్మం వల్లె వేయించడం ఆయన ఉద్యోగం. కోతులు ఎత్తుకుపోయిన మోగ్లీని బలూ, నల్ల చిరుత బగీరా, కా ముగ్గురూ రక్తం కారేలా పోరాడి పాడుబడ్డ నగరంలోంచి తెస్తారు. తెచ్చాక ఏం జరుగుతుంది? కోతులతో చేరవద్దని ముందే చెప్పినా వినలేదు కాబట్టి బగీరా పంజాతో నాలుగు తగిలిస్తాడు. అడవి ధర్మం అంటే ధర్మమే. దెబ్బలు తిన్న పిల్లాడు గునియడు, అలగడు. బగీరా వీపు మీద పడుకుని ఇంటికి వచ్చేదాకా నిద్రపోతాడు. తెలుగు ఇళ్ళలో పెరిగినవాళ్ళకు ఈ దృశ్యానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. ఈనాటి బాలల మనస్తత్వ నిపుణులు మాత్రం ఒప్పుకోరు, అది వేరే సంగతి.

ఈ పుస్తకానికి అంతమంది ఎందుకు అతుక్కుపోయారంటే చాలామంది అడవి అంటారు. అడవి కన్నా ముందు చెప్పుకోవలసింది చేరదీత. ఎవరి బిడ్డో తెలియని పసివాడు తోడేళ్ళ గుహలోకి పాక్కుంటూ వస్తాడు. తల్లి తోడేలు దగ్గరికి తీసుకుంటుంది. వాడు మందలో ఉండాలంటే పెంచే తల్లిదండ్రులు కాక మంద సభలో ఇంకో ఇద్దరు వాడి తరఫున మాట్లాడాలి. పాఠాలు చెప్పే బలూ ఒకడు. రెండోవాడు బగీరా, అప్పుడే చంపిన ఎద్దును వెలగా ఇచ్చి వాడి ప్రాణం కొంటాడు. ఆ బాకీ గుర్తుగా మోగ్లీ జీవితాంతం పశువుల మాంసం ముట్టకూడదు. ఉన్న ఊరు వదిలి, భాష తెలియని చోటికి వచ్చి, ఎవరో ఒకరు పూచీ పడితే పనిలో కుదురుకున్న తాతల కథ జంషెడ్‌పూర్‌లో ఇంటికొకటి ఉంటుంది. అలాంటి ఊళ్ళో ఈ ఎద్దు బేరం అంత వింతగా అనిపించదు.

ఇంతకీ ఈ అడవి ఎక్కడిది? మధ్యప్రదేశ్‌లోని సివనీ కొండలది. కిప్లింగ్ సివనీలో కాలు పెట్టలేదు. బొంబాయిలో 1865లో పుట్టినవాడే అయినా ఈ కథలు రాసేనాటికి అమెరికాలోని వెర్మాంట్‌లో, చలికాలమంతా మంచులో కూరుకుపోయే ఇంట్లో ఉన్నాడు. సాత్పురా అడవుల గురించి రాబర్ట్ స్టెర్న్‌డేల్ అనే అధికారి రాసిన పుస్తకాలు, తండ్రి లాక్‌వుడ్ కిప్లింగ్‌కు ఉన్న జంతు పరిజ్ఞానం, చిన్నప్పుడు విన్న కథలు ఆయనకు ఆధారం. అడవి ధర్మం గురించి అడిగిన ఒకరికి, ఎక్కడెక్కడి నుంచి ఎత్తానో నాకే గుర్తులేదన్న అర్థంలో ఆయన రాసిన ఉత్తరం 2013లో అమ్మకానికి వచ్చింది. పెద్ద కూతురు జోసెఫీన్ కోసమని స్వయంగా రాసిచ్చిన ప్రతి ఒకటి 2010లో ఇంగ్లండ్‌లోని వింపోల్ హాల్లో బయటపడింది. ఆ పాప 1899లో ఆరేళ్ళ వయసులో చనిపోయింది.

చూడని సివనీ మీద అంత రాసినవాడు, చూసిన జార్ఖండ్ మీద ఏం రాశాడు? బొగ్గు గురించి రాశాడు. 1888లో, ఇరవై రెండేళ్ళ పత్రికా విలేఖరిగా గిరిడీ వచ్చి గనుల్లోకి దిగి, అక్కడి కూలీల గురించీ బొగ్గు తవ్వే తీరు గురించీ వ్యాసాలు రాశాడు. అప్పటికి జంషెడ్‌పూర్ లేదు. సాక్చి ఒక పల్లె. ఇంకో ఇరవై ఏళ్ళకు గాని ఇక్కడ ఇనుము పని మొదలు కాలేదు. సాల్ చెట్ల మధ్య తిరుగుతూ బొగ్గు చూసి వెళ్ళిపోయినవాడు, మంచులో కూర్చుని అడవి రాశాడన్నమాట.

తెలుగు పాఠకుడికి ఈ పుస్తకంలో ఒక బంధుత్వం కూడా ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. మోగ్లీ ఈదే నది వైన్‌గంగ. సివనీ జిల్లాలో పుట్టి, మహారాష్ట్రలో వార్ధా నదితో కలిసి ప్రాణహిత అవుతుంది. ప్రాణహిత కాళేశ్వరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. షేర్ ఖాన్ తాగిన నీళ్ళు రాజమండ్రి మీదుగానే సముద్రంలోకి పోతాయి.

ఆ నది ఒడ్డునే పుస్తకంలోకెల్లా గొప్ప యుద్ధం జరుగుతుంది. దక్కను నుంచి రేచుకుక్కల పెద్ద మంద దారిలో కనపడ్డదాన్నల్లా చంపుకుంటూ వస్తుంది. అంటే ఈ కథలో విలన్లు మనవైపు వాళ్ళే! పెళ్ళాం బిడ్డల్ని పోగొట్టుకున్న ఒక ఒంటరి తోడేలు గాయాలతో వచ్చి కబురు చెబుతుంది. మోగ్లీ కా దగ్గరికి వెళ్ళి సలహా అడుగుతాడు. నది లోయలో రెండు వైపులా రాతి గోడల నిండా తేనెపట్లు. మోగ్లీ ఒళ్ళంతా అడవి వెల్లుల్లి పూసుకుంటాడు, ఆ వాసన ఈగలకు గిట్టదు. చెట్టెక్కి కుక్కల్ని తిట్టి తిట్టి, ఎగిరిన నాయకుడి తోక కోసి, సాయంత్రం వేళ పరుగు తీస్తాడు. వెంట మంద. లోయ అంచున రాళ్ళను తన్ని తేనెటీగల్ని లేపి నదిలోకి దూకుతాడు. కింద నీళ్ళలో కా చుట్టలు చుట్టుకుని వాణ్ణి పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. వెనక వచ్చిన కుక్కల మీద ఈగలు నల్లగా కమ్ముతాయి. బతికి కొట్టుకుపోయినవాటి కోసం దిగువ ఒడ్డున తోడేళ్ళు కాచుకుని ఉంటాయి. ఆ రాత్రి గెలుపు తోడేళ్ళదే కానీ ముసలి నాయకుడు అకేలా చనిపోతాడు. కార్టూన్ చూసి పెరిగిన పెద్దవాళ్ళు మొదటిసారి ఈ కథ చదివితే, పిల్లల పుస్తకంలో ఇంత చావు ఉంటుందా అని ఆగిపోతారు. ‘జంగిల్ బుక్’ అసలు బలం అక్కడే ఉంది, డిస్నీ వదిలేసిందీ దాన్నే.

ఇక తోడేళ్ళ సంగతి. జార్ఖండ్‌లో ఈ పుస్తకం చదవడానికీ, ఇంకెక్కడో చదవడానికీ తేడా ఇక్కడ తెలుస్తుంది.

తోడేళ్ళు మనిషి పిల్లల్ని పెంచుతాయన్న మాట కిప్లింగ్ సొంతం కాదు. అవధ్‌లో పనిచేసిన స్లీమన్ అనే ఇంగ్లీషు అధికారి అలాంటి కథలు పోగుచేసి 1852లోనే అచ్చువేశాడు. ‘జంగిల్ బుక్’ వచ్చిన పాతికేళ్ళకు, 1920లో, సింగ్‌భూమ్‌ను ఆనుకుని ఉన్న మిద్నాపూర్‌లో సింగ్ అనే పాదిరి ఇద్దరు ఆడపిల్లల్ని తోడేలు గుహలోంచి తెచ్చానన్నాడు. అమల, కమల అని పేర్లు పెట్టాడు. అమల 1921లో, కమల 1929లో చనిపోయారు. మనస్తత్వ శాస్త్రం పాఠ్యపుస్తకాల దాకా ఎక్కిన ఈ కథను తర్వాతి పరిశోధకులు చాలామంది నమ్మలేదు. తోడేళ్ళు పెంచాయనడానికి పాదిరి మాట తప్ప గట్టి సాక్ష్యం దొరకలేదు.

అసలు తోడేళ్ళ కథ వేరు. 1993 ఏప్రిల్ నుంచి 1995 ఏప్రిల్ దాకా, హజారీబాగ్ ప్రాంతంలో అయిదు తోడేళ్ళ మందలు ఎనభై మంది పిల్లల మీద దాడి చేశాయి. ప్రాణాలతో దక్కించుకోగలిగింది ఇరవై మందిని. రాజపురోహిత్ అనే పరిశోధకుడు ఊరూరా తిరిగి ఈ లెక్క తీశారు. సంవత్సరం మరోసారి చూడండి. దేశంలోని పిల్లలంతా ఆదివారం టీవీ ముందు కూర్చుని తల్లి తోడేలు ఒడిలో మోగ్లీని చూస్తున్న కాలమే అది. అదే తోడేలు కొన్ని గంటల ప్రయాణ దూరంలో గుమ్మం ముందు ఆడుకునే పిల్లల్ని ఎత్తుకుపోతోంది.

దీన్ని బట్టి తోడేలును రాక్షసిని చేయడమూ తప్పే. అదే జార్ఖండ్‌లో, లాతేహార్ జిల్లా మహువాడాఁడ్‌లో, తోడేళ్ళ కోసమే ప్రత్యేకించిన అభయారణ్యం ఉంది. 1976లో ఏర్పడింది, విస్తీర్ణం 63 చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అప్పటి బీహార్ అటవీశాఖలో పెద్ద పదవి చేసిన ఎస్.పి. షాహీ తోడేళ్ళ వెంట కెమెరా పట్టుకుని తిరిగి, వాటి తరఫున వాదించారు. కిప్లింగ్ మందలో నలభై తోడేళ్ళు బండ మీద సభ తీరుస్తాయి. మన దేశపు తోడేలు మంద అంటే మామూలుగా ఒక జంట, వాటి పిల్లలు, అంతే. దట్టమైన అడవి కంటే గడ్డిమైదానాలూ పొదలూ మేకల మందల పరిసరాలే దానికి ఇష్టం. దేశం మొత్తం మీద పులుల సంఖ్యకూ తోడేళ్ళ సంఖ్యకూ ఇప్పుడు పెద్ద తేడా లేదు, రెండూ మూడు వేల పైచిలుకే. పులికున్న పలుకుబడి మాత్రం తోడేలుకు లేదు.

ఏనుగుల దగ్గరికి వస్తే బిష్టుపూర్ వాళ్ళు పుస్తకం తెరవక్కర్లేదు, కాస్త ఎత్తు మేడ ఎక్కి చూస్తే దల్మా కొండలు కనబడతాయి. అది 1976 నుంచి అభయారణ్యం. అక్కడి ఏనుగులు వరి పండే కాలానికి దిగి బెంగాల్‌లోని మిద్నాపూర్, బాంకుడా పొలాల మీదుగా తిరిగి వస్తాయి. దారిలో ఉన్న పల్లెలకు కంటి మీద కునుకు ఉండదు. డప్పులు, కాగడాలు, టపాకాయలు, రాత్రంతా కాపలా.

రెండో భాగంలో ఒక కథ ఉంది. మోగ్లీని పెంచిన మనిషి తల్లిని మంత్రగత్తె అని ఊరివాళ్ళు కాల్చబోతారు. ఆమెనూ భర్తనూ తప్పించాక మోగ్లీ ఏనుగు హాథీనీ దాని ముగ్గురు కొడుకుల్నీ పిలిచి, ఊరిని అడవికి అప్పగించమంటాడు. మనుషుల్ని చంపకూడదు, ఊరు మాత్రం ఉండకూడదు. ముందు జింకలూ పందులూ నీల్‌గాయలూ పైరు మేసేస్తాయి. తర్వాత ఏనుగులు గాదెలు కూలుస్తాయి. వానలు మట్టిగోడల్ని కరిగించేస్తాయి. కొన్నాళ్ళకు ఊరున్న చోట గడ్డి. ఇంగ్లండ్‌లో పొయ్యి పక్కన కూర్చుని చదివేవాడికి ఇది న్యాయమైన పగ. దల్మా అంచున వరిచేను వేసిన రైతుకు చదివి వినిపిస్తే అతను ఎవరి పక్షం వహిస్తాడు? చేతబడి నెపంతో ఆడవాళ్ళ మీద దాడులు ఇంకా ఆగని రాష్ట్రం ఇది, కాబట్టి ఆ తల్లి పక్షమూ విడవలేడు. పిల్లల పుస్తకం అని అటక మీద పెట్టేస్తే ఇలాంటి చిక్కుముడి చేజారిపోతుంది.

పులి కూడా వచ్చి వెళ్ళింది. మహారాష్ట్రలోని తాడోబా నుంచి ఒడిశాలోని సిమిలీపాల్‌కు తెచ్చిన జీనత్ అనే ఆడపులి 2024 డిసెంబరులో అక్కడి నుంచి జారుకుని తూర్పు సింగ్‌భూమ్ జిల్లా చాకులియా అడవుల్లోకి వచ్చింది. జనం గుండెలు గుప్పిట్లో పెట్టుకున్నారు. మేకల్ని ఎర వేసినా దొరకలేదు. బెంగాల్‌లోకి దాటి, పురూలియా మీదుగా వెళ్ళి, డిసెంబరు 29న బాంకుడాలో మత్తు సూదికి లొంగింది. జీనత్ పుట్టిల్లు తాడోబా అడవుల్లో పారే అంధారి నది వెళ్ళి కలిసేది మోగ్లీ వైన్‌గంగలోనే. కాలర్ ఉన్న పులి ఎటు పోతోందో ఫోన్లలో చూసుకుంటూ ఈ ప్రాంతం గడిపిన ఆ మూడు వారాల్లో ఎందరికి షేర్ ఖాన్ గుర్తొచ్చి ఉంటాడో!

సినిమా, టీవీ కాక మోగ్లీ ఇంకో దారిన కూడా మన బళ్ళలోకి వచ్చాడు. స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్ పవెల్ చిన్నపిల్లల విభాగానికి ఏ కథ బాగుంటుందని వెతికి, కిప్లింగ్ అనుమతితో 1916లో ‘తోడేలు పిల్లలు’ అనే పథకం తయారుచేశాడు. ఇప్పటికీ కబ్స్ అనే ఆ విభాగంలో చేరిన పిల్లలు గుండ్రంగా గొంతుకూర్చుని అకేలా పేరెత్తి ఊళ పెడతారు. ఆ పేరు ఒక ముసలి తోడేలుదని, అది ఎలా పోరాడి చనిపోయిందో ఆ పిల్లలకు ఎవరైనా చెబుతారా అన్నది అనుమానమే.

కిప్లింగ్ మీద కోపం ఉన్న పాఠకులూ ఉన్నారు, ఆ కోపానికి కారణమూ ఉంది. తెల్లవాళ్ళ పాలనను భగవంతుడిచ్చిన బాధ్యతలా కీర్తించినవాడాయన. మొదటి భాగం చివరి కథలో రాణిగారి సైన్యంలోని కంచరగాడిదలూ ఒంటెలూ గుర్రాలూ క్రమశిక్షణ గొప్పతనం చెప్పుకుంటాయి. ఆ కథను దాటేసి ముందుకు పోయేవాళ్ళదే తెలివి. ఆయన అడవిలో నిజమైన అడవి మనుషులు, గోండులు, ఎక్కడో అంచున కనిపించి మాయమైపోతారు. సంథాల్, హో, ముండా జనం మధ్య బతికే జంషెడ్‌పూర్ పాఠకుడికి ఆ ఖాళీ తొందరగానే కంట పడుతుంది.

ఆ ఖాళీ పూడ్చే పుస్తకం ఒకటి ఈ జిల్లాతో ముడిపడే ఉంది. బిభూతిభూషణ్ బందోపాధ్యాయ చివరి రోజులు గడిపి 1950లో కన్నుమూసింది ఇక్కడికి దగ్గర్లోని ఘాట్‌శిలలో. ఆయన ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా తెలుగు చేశారు. తెలుగువాళ్ళు ఇష్టంగా దాచుకునే అనువాదాల్లో అదొకటి. సాహసం కావాలంటే డాక్టర్ కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఉంది. తప్పిపోయిన సూడిపందిని వెతుక్కుంటూ ఒక ముసలివాడు రాత్రిపూట అడవిలోకి పోతాడు. అప్పటికే ఈనిన పంది అతణ్ణే శత్రువనుకుంటుంది. చుట్టూ నక్కలు. మాట్లాడే జంతువు ఒక్కటీ లేదు, అయినా పేజీ తిప్పకుండా ఉండలేం. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠురోగులకు వైద్యం చేస్తూ రాసిన రచయిత ఆయన. మోగ్లీని ఇష్టపడ్డ తెలుగువాళ్ళందరూ ఈ పుస్తకానికీ రావాలి, ఇంకా రాలేదు.

మోగ్లీ తర్వాత ఏమయ్యాడన్నది పిల్లలు తరచూ అడిగే ప్రశ్న. సినిమాలు దానికి తలో జవాబు చెప్పాయి. కిప్లింగ్ జవాబు మాత్రం ప్రశ్న పుట్టకముందే అచ్చయింది. ‘జంగిల్ బుక్’ కంటే ముందు, 1893లో, పెద్దవాళ్ళ కోసం రాసిన ఒక కథలో మోగ్లీ ఎదిగిన యువకుడు. తోడేళ్ళతో వేట నడిపించే తీరు చూసి అటవీశాఖ పెద్ద దొర ముక్కున వేలేసుకుంటాడు. అక్కడికక్కడే అతణ్ణి ఉద్యోగంలోకి తీసుకుంటాడు. ఫారెస్టు గార్డు, సర్కారు జీతం, చివర్లో పింఛను. మోగ్లీ ఒక బట్లరు కూతుర్ని పెళ్ళాడతాడు, కొడుకు పుడతాడు, ఆ పసివాడితో తోడేళ్ళు ఆడుకుంటాయి. అడవిలో స్వేచ్ఛగా పెరిగినవాణ్ణి గుమాస్తాను చేశాడని విమర్శకులు ఈ కథను ఈసడిస్తారు. బిష్టుపూర్‌లో కొడుక్కి పర్మనెంట్ ఉద్యోగం వచ్చిన రోజున రామమందిరంలో కొబ్బరికాయ కొట్టిన తల్లిదండ్రులను అడిగితే, మోగ్లీ కథలన్నిట్లోకీ సరిగ్గా ముగిసింది అదొక్కటే అంటారు.